వదిలి, వదిలేసి

ఏమన్నావు? మళ్ళీ అను. నాతో కాదు, చెప్పులు విప్పుతూ ఫోన్లో మీ ఆయనతో అన్నావే, అది. "చంటిదాన్ని బడిలో వదిలేసి వచ్చాను" అన్నావు. వదిలి వచ్చాను అను తల్లీ. వదిలేసి అనకు. నవ్వు, నవ్వు. మీ అమ్మమ్మ కూడా ఇలాగే నవ్వేది, "ఈయనగారు అన్నిటికీ సర్దుకుపోతారు, ఆ ఒక్క మాట దగ్గర మాత్రం బెత్తం పట్టుకుంటారు" అని. ఎందుకో ఆవిడకి సగమే చెప్పాను. మిగతా సగం చెబుదాం చెబుదాం అనుకుంటూ ఉండగానే ఆవిడ వెళ్ళిపోయింది. నీకు పనేమన్నా ఉందా? లేదుగా. చంటిదాని బడి సాయంత్రం నాలుగింటిదాకా. అలా కూర్చో. ఆ కుర్చీ కాదు, దానికి ఓ కాలు పొట్టి. ఇలా రా.

నేను రేవు ఆసుపత్రిలో గుమాస్తాగా చేశానని తెలుసు కదా. ముప్పై నాలుగేళ్ళు ఒకటే బల్ల. అక్కడికి వచ్చేవాళ్ళలో సగం మంది ఓడ దిగినవాళ్ళు. ఎక్కడెక్కడి మనుషులో, ఏమేం భాషలో. డాక్టరు "ఎక్కడ నొప్పి" అంటే వాళ్ళు కిటికీ వైపు చూసేవాళ్ళు. అందుకని అక్కడొకాయన్ని పెట్టారు, దుబాసీ. ఆయన అసలు పేరు హాజరు పట్టీలో ఉండేది, ఇంకెక్కడా వినపడేది కాదు. రెండు భాషలొస్తే దుబాసీ అంటారట, ఈయనకి తొమ్మిదొచ్చు. "లెక్క ప్రకారం నేను నాలుగున్నర దుబాసీలండీ" అనేవాడు. పొడుగ్గా ఉండేవాడు, కానీ మంచాల ఎత్తుకి వంగి వంగి నడుం అలాగే ఉండిపోయింది. రోగి నోటి దగ్గర చెవి పెట్టి వినేవాడు. ఆ తర్వాత డాక్టరు వైపు తిరిగి, ఆ రోగి గొంతుతోనే చెప్పేవాడు. ముసలివాడైతే ముసలి గొంతు, ఆడమనిషైతే సన్నగా. మధ్యలో రోగి మూలిగితే ఈయనా మూలిగేవాడు. డాక్టరుకి ఒళ్ళు మండి, "మూలుగు కూడా తర్జుమా చెయ్యాలటయ్యా?" అన్నాడోసారి. "చెయ్యాలండీ, వీళ్ళలో ఇది ఆకలి మూలుగు, నొప్పి మూలుగు వేరే ఉంది" అన్నాడీయన. డాక్టరు వాడికి రొట్టె తెప్పించాడు. అలాంటి మనిషి.

ఆయనకో పిచ్చి ఉండేది. మందుల గది వెనక నిలబడి టీ తాగుతూ చెప్పేవాడు. ఆసుపత్రికొచ్చిన మనిషి మొదట అడిగేది జబ్బు గురించి కాదట. తన కూడా తెచ్చుకున్నదాన్ని ఎవరు చూస్తారు అనే అట. మూటో, పెట్టో, చెల్లెలో, పంజరంలో చిలకో. ఆ మాట ఒక్కో భాషలో ఒక్కో రకంగా అంటారని ఆయన పోగేసుకునేవాడు. ఒక దీవివాళ్ళు "దీని మీద నీ నీడ పెట్టు" అంటారట. ఇంకొకళ్ళకి అప్పగించడం అన్న మాటే లేదట, "నేనొచ్చేదాకా నువ్వే నేను" అని ఊరుకుంటారట. ఇంకెవరో, చలి దేశాల నావికులు, "నీకో బరువు చేస్తున్నాను, తిట్టుకోకు" అంటారట. మరి మన సంగతేమిటండీ అన్నాను నేను. "మనకేం గుమాస్తాగారూ, బోలెడున్నాయి. అప్పగిస్తాం, చేతిలో పెడతాం, ఓ కన్నేసి ఉంచమంటాం. ఒప్పజెప్పడం ఒక్కటి చూడండి, పిల్లాడు పాఠం ఒప్పజెబుతాడు, దొంగని పోలీసులకి ఒప్పజెబుతాం, పోయేవాడు పెళ్ళాంబిడ్డల్ని తమ్ముడికి ఒప్పజెబుతాడు. ఇన్ని ఉన్నప్పుడే ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి" అన్నాడు. నేను నవ్వి, గ్లాసు కడిగి పెట్టి, బల్ల దగ్గరికి పోయాను. నాకప్పటికి ముప్పై రెండు. మీ అమ్మకి నాలుగేళ్ళు, మీ మావయ్య ఇంకా పాకుతున్నాడు.

సరే. ఒక ఆదివారం పొద్దున ఓడ ఒకటి వచ్చింది. అందులో నుంచి ఒకావిడని దింపారు, పాతికేళ్ళు ఉంటాయేమో. ఊపిరితిత్తులు పాడై దగ్గుతోంది. చంకలో పిల్ల, ఏడాది దాటి రెండు మూడు నెలలు. పిల్లకేం లేదు, గుండ్రంగా ఉంది, తల్లి జడ చివర నోట్లో పెట్టుకుని నములుతోంది. ఆవిడది అంటుకునే జబ్బు కాబట్టి అవతల గుట్ట మీద ఉన్న ఆసుపత్రికి పంపాలి. అక్కడికి పిల్లల్ని రానివ్వరు. పడవ సిద్ధంగా ఉంది, పడవవాడు కేకలేస్తున్నాడు. నేను కాగితాలు పట్టుకుని పిల్లల వార్డులో నిలబడ్డాను. ఆవిడ పిల్లని కిటికీ పక్కన మూడో మంచంలో కూర్చోబెట్టి, దుబాసీ వైపు తిరిగి ఒకే ఒక్క మాట చెప్పింది. ఆయన నాకు చెప్పాడు: "పిల్లని మీ ఒళ్ళో పెట్టి చెయ్యి తీస్తున్నాను అంటోంది." కాగితంలో గడి ఇంతే ఉంది, నా బొటనవేలంత. అదంతా అందులో పట్టదు. "అంటే ఏం రాయమంటారండీ?" అన్నాను. "వదిలి వెళ్తోంది, అది రాసుకోండి" అన్నాడు. అంతలో పక్క వార్డులో ఎవరో మంచం మీద నుంచి పడ్డారని కేక వస్తే అటు పరుగెత్తాడు. నేను రాసేశాను. ఆవిడ వెళ్తూ వెళ్తూ నాక్కూడా ఏదో చెప్పింది, చెయ్యి గుండె మీద పెట్టుకుని. నాకేం తెలుస్తుంది, తలూపాను.

నీకో సంగతి చెప్పాలి, లేకపోతే ఇదంతా అర్థం కాదు. ఆ ఆసుపత్రిలో ఒక నిబంధన ఉండేది. తల్లో తండ్రో వదిలి వెళ్ళిన పిల్లకి రెండేళ్ళు మంచం ఉంచుతారు. వదిలేసి వెళ్ళిన పిల్లనైతే మూడు నెలలు చూసి, అడిగినవాళ్ళకి పెంపకానికి ఇచ్చేస్తారు. ఈ నిబంధన నాకు కంఠతా వచ్చు. కొత్తగా చేరినవాళ్ళకి నేర్పింది నేనే.

ఆ తర్వాత దుబాసీని ఓడల తనిఖీకి ఆర్నెల్లు బయటికి పంపారు. తిరిగొచ్చి మూడో మంచం చూస్తే పిల్ల లేదు. నర్సుని అడిగితే "ఎవరో వచ్చి తీసుకెళ్ళారుగా" అంది. అబద్ధం కాదు. ఈయన అయినవాళ్ళెవరో వచ్చారనుకుని సంతోషించాడు, నాతో కూడా అన్నాడు, "పోన్లెండి, పిల్లకి మనుషులున్నారు" అని. ఆ పెంపకం కాగితం మీద ముద్ర వేసింది నేను. రోజుకి ఇన్నేసి కాగితాలు వస్తాయి, చదువుతామా? ముద్ర వేసి పక్కన పెడతాం.

ఆవిడ పద్నాలుగు నెలలకి తిరిగొచ్చింది. బతుకుతుందని ఎవరూ అనుకోలేదు. జుట్టు కత్తిరించేశారు, మనిషి కొంచెం ఒళ్ళు చేసింది, బుగ్గల్లో రంగొచ్చింది. గుమ్మంలో నన్ను చూసి నవ్వింది, గుర్తుపట్టి. నేనూ నవ్వాను. నేరుగా పిల్లల వార్డులోకి వెళ్ళింది, ఎవరూ దారి చూపించక్కర్లేదు, కిటికీ పక్కన మూడో మంచం. అందులో ఎవరి పిల్లో అటు తిరిగి పడుకుని ఉంది. ఈవిడ మెల్లగా ఆ పిల్ల గడ్డం పట్టుకుని మొహం తిప్పి చూసింది. చూసి, జాగ్రత్తగా మళ్ళీ అటు తిప్పేసి, దుప్పటి సర్ది, పక్క మంచం దగ్గరికి వెళ్ళింది. అక్కడా అంతే. దాని పక్కది. పద్దెనిమిది మంచాలు అమ్మడూ. పద్దెనిమిదీ చూసింది. చివరి మంచం దగ్గర వెనక్కి తిరిగి, వెంట వెళ్ళిన నా వైపు చూసిన చూపు ఉంది చూడు, అది కోపం కాదు, ఏడుపు కాదు. అర్థం కాకపోవడం. నాకు ఎనభై నాలుగొచ్చాయి, ఇప్పటికీ ఆ చూపు మర్చిపోలేదు.

ఆవిణ్ణి సూపరింటెండెంటు గదిలో కూర్చోబెట్టి, దుబాసీనీ నన్నూ పిలిచారు. ఫైలు తెప్పించాడు. ఆయన అద్దాలు పెట్టుకుని చదివి, "ఇందులో ఏముందీ, వదిలేసిన పిల్ల. రాసే ఉంది. మూడు నెలలు ఆగాం, ఇచ్చాం. అదే చెప్పవయ్యా ఆవిడకి" అన్నాడు దుబాసీతో. దుబాసీ నిలబడే ఉన్నాడు. నోరు విప్పలేదు. ఏ భాషలో ఏది అడిగినా గుక్క తిప్పుకోకుండా చెప్పే మనిషి. "ఏమయ్యా, చెప్పవేం?" అన్నాడు పెద్దాయన.

"ఆ మాట వాళ్ళ భాషలో లేదండీ."

"ఏ మాట?"

"పిల్లని వదిలేయడం. పాత పడవని వదిలేయడానికి ఒక మాటుంది. పుండు పడ్డ కుక్కని వదిలేయడానికి ఒకటుంది. పిల్లకి లేదు. ఆ రెంటిలో ఏది వాడమంటారు?"

సూపరింటెండెంటు కాగితం మళ్ళీ చూశాడు. "మరి వదిలేసి వెళ్ళినది అని ఇక్కడ ఎలా వచ్చింది? ఎవరన్నారిది?" అని కాగితం మా వైపు తిప్పాడు. అప్పుడు చూశాను. నా చేతిరాత. నా ళకారానికి తోక పొడుగ్గా ఉంటుంది, నాకెవరూ చెప్పక్కర్లేదు. వదిలేసి. ఆయన వదిలి అన్నాడు, నేను వదిలేసి అని రాశాను. కావాలని రాశానా? కాదు. పగ ఉందా? ఎవరి మీద? నా నోటికి అదే అలవాటు, నీలాగే. సైకిలు వదిలేసొచ్చా, గొడుగు వదిలేసొచ్చా, పిల్లాణ్ణి మా అక్క దగ్గర వదిలేసొచ్చా. నోట్లో ఉన్నది చేతిలోకి వచ్చింది. చెబుదామనుకున్నాను. నిజంగా అనుకున్నాను. నోరు తెరిచాను కూడా. మీ అమ్మ కళ్ళ ముందు కదిలింది, మీ మావయ్య కదిలాడు. ఆ లోపల దుబాసీ కాగితం చూశాడు, నన్ను చూశాడు. ఎంతసేపు? ఒక్క రెప్పపాటు. "నేనే అన్నానండీ" అన్నాడు.

ఆ పూటే ఆయన ఉద్యోగం పోయింది. నేను నోరు మూసుకున్నాను. ఇదే మీ అమ్మమ్మకి చెప్పని సగం.

నన్నలా చూడకు. లేదు, చూడు, ఫరవాలేదు.

ఆ తర్వాత ఆయన ఆవిణ్ణి వరండాలో కూర్చోబెట్టుకుని వాళ్ళ భాషలో చెప్పాడు. చాలాసేపు చెప్పాడు. ఏ మాట వాడాడో, పడవ మాటో, కుక్క మాటో, ఇంకేదన్నా కొత్తగా కల్పించాడో నాకు తెలీదు. ఆవిడ అరవలేదు. ఆయన చొక్కా చెయ్యి పట్టుకుంది, మోచేతి దగ్గర. పట్టుకున్నది పట్టుకున్నట్టే మధ్యాహ్నం మూడింటిదాకా ఉంది. ఆయన నీళ్ళు తాగడానికి కూడా లేవలేదు.

మర్నాడు రైల్లో బయల్దేరాం, ముగ్గురం. ఫైల్లో పిల్లని పెంచుకున్నవాళ్ళ చిరునామా ఉంది కాబట్టి ఆసుపత్రి తరఫున నన్ను పంపారు, చూడు ఎవర్ని పంపారో. రెండు గంటల ప్రయాణం. ఆ ఇంటాయన రైల్వేలో సిగ్నళ్ళు చూస్తాడు, ఆయన భార్య ఇంట్లో బట్టలు కుడుతుంది. వాళ్ళకి పిల్లల్లేరు. తలుపు తీసే ఉంది. మిషను తొక్కుతోందావిడ, మిషను కింద పిల్ల కూర్చుని దారపు ఉండలు వరసగా పేరుస్తోంది, ఎర్రది, నల్లది, ఎర్రది, నల్లది. పిల్ల జుట్టుకి రిబ్బను. కుట్టుపనావిడ తలెత్తి, మా ముగ్గురిలో ఈ తల్లి మొహం చూసి, కింద పిల్ల మొహం చూసింది. ఇంక మేము చెప్పాల్సింది ఏం మిగల్లేదు. మిషను చక్రం మీద చెయ్యి వేసి ఆపింది.

తల్లి గుమ్మంలోనే కూలబడి పిల్లని పిలిచింది, తను పెట్టుకున్న పేరుతో. పిల్ల తిరగలేదు. ఆ పేరు దానిది కాదుగా ఇప్పుడు. మళ్ళీ పిలిచింది. అప్పుడు పిల్ల లేచి కుట్టుపనావిడ చీర వెనక దూరి, సగం మొహం బయటపెట్టింది. తల్లి మాట్లాడడం మొదలుపెట్టింది. గబగబా, ఊపిరి తీసుకోకుండా, పద్నాలుగు నెలల మాటలు. పిల్ల శ్రద్ధగా విన్నది, వినీ వినీ మా దుబాసీ వైపు తిరిగి, మన మాటలో, శుభ్రంగా అడిగింది: "ఈవిడ ఏమంటోంది?"

కన్నతల్లి మాట కన్నబిడ్డకి తర్జుమా చెయ్యాలి. ఎక్కడన్నా విన్నావా? నేను వినలేదు. తొమ్మిది భాషలొచ్చిన మనిషి పిల్ల ఎత్తుకి వంగాడు. ఎప్పుడూ రోగి గొంతుతో చెప్పేవాడు కదా, ఆ రోజు తన సొంత గొంతుతోనే చెప్పాడు. "నిన్ను చూడ్డానికి చాలా దూరం నుంచి వచ్చానంటోందమ్మా" అన్నాడు.

పిల్ల ఆలోచించింది. "అయితే కూర్చోమను" అంది.

ఆయన తల్లి వైపు తిరిగి ఆ మాట చెప్పాడు. ఆవిడ అప్పటికే నేల మీద ఉంది, అయినా లేచి, చీర సర్దుకుని, పిల్ల చూపించిన పీట మీద కూర్చుంది.

ఆ ఇంటాయన మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చాడు. మంచివాడే, కానీ భయపడ్డాడు. కాగితం ప్రకారం పిల్ల మాది, సంతకాలయ్యాయి, ముద్ర ఉంది అన్నాడు. ముద్ర అన్నప్పుడు నేను నేల చూశాను. ఆయన్ని భార్యే ఆపింది. ఏడుస్తూనే, మెత్తగా, "వదిలేసిందన్నారని తెచ్చుకున్నాం. వదిలేయలేదట. ఇంక మనం ఏం మాట్లాడతామండీ" అంది. తర్వాత దుబాసీతో అంది: "పిల్లని లాక్కెళ్ళొద్దని చెప్పండి. వెనక గది ఖాళీగానే ఉంది. పిల్లకి ఆవిడ ఎవరో తెలిసేదాకా ఇక్కడే ఉండమనండి. తెలిశాక దాన్ని నేనే ఆవిడ చేతిలో పెడతాను." ఆయన అది తల్లికి చెప్పాడు. ఒకసారి చెప్పి ఊరుకోలేదు, మూడుసార్లు, మూడు రకాలుగా చెప్పి, ఆవిడ నోటితో మళ్ళీ చెప్పించుకుని, అప్పుడు తలూపాడు. ఆవిడ లేచి వెళ్ళి కుట్టుపనావిడ రెండు చేతులూ తన కళ్ళకి అద్దుకుంది.

ఆ తర్వాత ఏం చేశాడో తెలుసా ఆ మనిషి? పొద్దున రేవులో ఓడవాళ్ళకి ఉత్తరాలు రాసిపెట్టేవాడు, మధ్యాహ్నం రైలెక్కేవాడు. రోజూ. ఆరేడు నెలలు. వెళ్ళి ఆ ఇంట్లో తల్లికీ పిల్లకీ మధ్య కూర్చునేవాడు. "ఉల్లిపాయ తరిగితే కళ్ళెందుకు మండుతాయి అని అడుగుతోంది." "నీకు ఆ గౌను బిగుతైందా అంటోంది." "నాకు నీ దగ్గర పడుకోవడం ఇష్టం లేదంటోంది." ఇది కూడా చెప్పాలి కదా. చెప్పేవాడు. తల్లి తలూపి "సరే అను" అనేది, అదీ చెప్పేవాడు. ఆవిడ పగలంతా గుండీలు కుట్టేది. ఇవన్నీ ఆయనే నాకు చెప్పాడు, దారిలో ఆసుపత్రి గేటు దగ్గర ఆగి. నామీద కోపం ఉండాలి కదా. ఉంటే నాకే బాగుండేది. ఎప్పుడూ నా పిల్లల గురించి అడిగేవాడు, చిన్నవాడికి మాటలొచ్చాయా అని.

ఆఖరికి అంతా కుదిరింది అనుకో. తల్లి అదే వీధిలో గది తీసుకుంది, పిల్ల రెండిళ్ళలోనూ పెరిగింది, ఇద్దర్నీ అమ్మా అనే పిలిచేది. పెద్దదై ఏదో చదువుకుందనీ విన్నాను. అది వేరే కథ. నేను చెప్పేది ఆయన సంగతి. ఒక రోజు పెందరాళే తిరిగొచ్చేశాడు. ఏమండీ, రైలు తప్పిందా అన్నాను. కాదన్నాడు. వెళ్ళేసరికి పెరట్లో ఇద్దరూ బట్టలు ఉతుకుతూ మాట్లాడుకుంటున్నారట. ఈయన గుమ్మంలో నిలబడి విన్నాడట. "ఒక్క ముక్క అర్థం కాలేదండీ నాకు. సగం వాళ్ళది, సగం మనది, మిగతాది ఎవరిదీ కాదు. ఇద్దరూ కలిసి అల్లేసుకున్నారు. నన్ను చూసి పిల్ల 'నీకు రాదా?' అంది" అని నవ్వాడు. అంత పొడుగు మనిషి గేటు ఊచలు పట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. ఇంక రేపటినుంచి వెళ్ళనన్నాడు.

అప్పుడన్నా చెప్పాలి కదా నేను. మీరు వదిలి అన్నారు దుబాసీగారూ, రాసింది నేను, అని. ఇక్కడిదాకా వచ్చింది, ఇదిగో, గొంతు దాకా. ఆయన నవ్వు ఆపి, కళ్ళు తుడుచుకుని, నా చేతిలో కాగితాల కట్ట వైపు చూశాడు. "రోజుకి ఎన్ని కాగితాలు రాస్తారు గుమాస్తాగారూ?" అన్నాడు.

"నలభై దాకా" అన్నాను.

"చాలా ఎక్కువండీ అవి, ఒక మనిషికి" అన్నాడు. అని వెళ్ళిపోయాడు.

...

ఆ కిటికీ రెక్క కొంచెం దగ్గరికి వెయ్యమ్మా. గాలి ఎక్కువైంది.